పిడికెడు బియ్యం: తెలుగు క్రైస్తవ సమాజంలో ధనం, దానం, ఋణం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విస్సన్నపేట నూజివీడు మామిడి సీమలోని ఊరు. కృష్ణా డెల్టా కాలువలకు ఎగువన, ఒకనాటి నిజాం రాజ్యపు ఖమ్మం సరిహద్దుకు చేరువగా ఉన్న మెట్ట ప్రాంతమిది. ఇక్కడ డబ్బు ఏడాది పొడవునా ఒకే తీరున చేతికి రాదు. తోట పూత మీద ఉండగానే వ్యాపారి గుత్త మాట్లాడుకుంటాడు. బయానా అప్పుడే చేతులు మారుతుంది. వేసవిలో కోత, మోత, బుట్టల కట్టుబడి ఉన్నన్నాళ్లూ కూలికి పని దొరుకుతుంది, తరువాత తోట మూగబోతుంది. రైతు ఆదాయం ఒక్కసారిగా వస్తే కూలివాడి ఆదాయం చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఈ రెండింటి నడుమ ఖాళీని తరతరాలుగా అప్పు నింపుతూ వచ్చింది.

ఇటువంటి పల్లెల్లో గత నూట ఎనభై ఏళ్లలో స్థిరపడిన క్రైస్తవ సంఘాలు ధనాన్ని, ఆస్తిని ఎలా అర్థం చేసుకున్నాయి అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. తెలుగు క్రైస్తవం మీద జరిగిన చర్చలో ధనం ప్రస్తావన తరచుగా ఒకే రూపంలో వస్తుంది. పేదలు గంజి కోసం, బియ్యం కోసం మతం మారారన్నదే ఆ రూపం. అయితే ఆ పేదలే తమ కుండలో పడవలసిన బియ్యం నుంచి పిడికెడు తీసి సంఘానికి ఇచ్చిన చరిత్ర కూడా ఉంది. పుచ్చుకున్న బియ్యం గురించి చాలా రాశారు, ఇచ్చిన బియ్యం గురించి రాసింది తక్కువ. ఈ రెండో చరిత్రను మొదటిదాని పక్కన ఉంచి చూస్తే, తెలుగు క్రైస్తవుల ధన దృక్పథానికి కేంద్రం సంపద కాదనీ, ఋణమనీ తెలుస్తుంది. ఇదే ఈ వ్యాసం ప్రతిపాదన.

అనువాదం చేసిన పని: సిరి, ఋణం, గృహనిర్వాహకుడు

ఒక సమాజం ధనాన్ని గురించి ఎలా ఆలోచిస్తుందో దాని పదజాలం కొంతవరకు నిర్ణయిస్తుంది. విస్తృత వాడుకలో ఉన్న తెలుగు బైబిలు అనువాదంలో మూడు పదాలను ఇక్కడ గమనించాలి.

మొదటిది 'సిరి'. దేవునికి పోటీగా నిలిచే ధనశక్తిని సువార్తలు మామోను అనే అరమాయిక్ పదంతో పేర్కొన్నాయి. అనేక భాషల అనువాదాలు ఆ పదాన్ని అలాగే ఉంచాయి. తెలుగు అనువాదకులు 'సిరి' అన్నారు. శ్రీ శబ్దానికి తద్భవమైన ఈ మాట తెలుగువారికి అమంగళ పదం కాదు. అది లక్ష్మి పేరు, 'సిరిసంపదలు' అన్నది ఆశీర్వాదంలో వచ్చే మాట. మంగళకరమైన పదాన్నే దేవునికి ఎదురుగా నిలపడం వల్ల తెలుగు పాఠకుడికి ఆ బోధ మూలంలోకన్నా పదునుగా వినిపిస్తుంది. వదులుకోవలసింది ఏదో పరదేశపు భూతాన్ని కాదు, తన గడపకు పసుపు రాసి పిలుచుకునే సిరినే.

రెండవది 'ఋణం'. మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనలో పాపానికి తెలుగు అనువాదం వాడిన మాట ఋణమే, తప్పు చేసినవాడు ఋణస్థుడు. గ్రీకు మూలంలోనూ ఉన్నది అప్పే. అయితే 'ఋణం' భారతీయ భావనలో అప్పటికే లోతుగా నాటుకున్న మాట. దేవ, ఋషి, పితృ ఋణాలతో మనిషి పుడతాడన్న భావన శాస్త్రాల్లో ఉంది. 'ఋణానుబంధం' అన్నది పల్లెలో నిత్యవ్యవహారం. ఇక పాలేరు కుటుంబానికి ఋణం ఉపమానం కానే కాదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతగాడిగా కుదిరిన ఇంట్లో, ఋణం క్షమించమన్న ప్రార్థన ఆధ్యాత్మికంగా వినిపించకముందే లౌకికంగా వినిపించి ఉంటుంది.

మూడవది 'గృహనిర్వాహకుడు'. ఆస్తి మనిషిది కాదనీ, యజమాని అప్పగించినదాన్ని నిర్వహించి లెక్క చెప్పవలసినవాడే మనిషి అనీ చెప్పే బోధకు ఈ పదం ఆధారం. జమీందారీ సీమల్లో పనివారు ఎరిగిన నిర్వాహకులు దివానులు, గుమాస్తాలు, కరణాలు. వారు లెక్క అడిగేవారే తప్ప చెప్పేవారు కారు. యజమాని ముందు లెక్క చెప్పవలసిన నిర్వాహకుడు అన్న చిత్రం ఆ అనుభవాన్ని తలకిందులు చేసింది. ఏమీ లేనివాడు కూడా తనకున్న కాస్తకు నిర్వాహకుడే అన్నప్పుడు, అతడికి కూడా లెక్కలోకి వచ్చే స్థానం దక్కింది.

కూడబెట్టరాదన్న వాదం: గ్రోవ్స్, గోదావరి డెల్టా

తెలుగునేలకు చేరిన క్రైస్తవ ధన సిద్ధాంతాల్లో అత్యంత తీవ్రమైనది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌ది. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో దంతవైద్యుడిగా బాగా సంపాదించిన గ్రోవ్స్, 1825లో క్రైస్తవ సమర్పణ మీద ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. భూమి మీద ధనం కూడబెట్టవద్దన్న క్రీస్తు మాట అలంకారం కాదనీ, అక్షరాలా పాటించవలసిన ఆజ్ఞ అనీ అందులో వాదించాడు. భవిష్యత్తు కోసం దాచడం విశ్వాస లోపమేనన్నాడు. ఆయన కుటుంబం ఆదాయంలో పదో వంతు ఇవ్వడంతో మొదలై, క్రమంగా ఆ భాగాన్ని పెంచి, చివరికి అవసరాలకు మించినదంతా ఇచ్చివేసే స్థితికి చేరింది. ఆ పుస్తకం బ్రిస్టల్ అనాథాశ్రమాల స్థాపకుడు జార్జ్ ముల్లర్ వంటివారిని ప్రభావితం చేసింది.

1829లో బాగ్దాదుకు బయలుదేరిన గ్రోవ్స్ 1833లో భారతదేశానికి వచ్చాడు. 1836లో ఆయన వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి వచ్చి, గోదావరి డెల్టాలో నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. వీరు చేతిపనివారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. ఏ మిషను సంఘమూ వీరికి నిర్ణీత జీతం హామీ ఇవ్వలేదు. చెప్పులు కుట్టిన దొర తోలుపని చేసే కులాన్ని అంటరానిదిగా చూసే సమాజంలో మతబోధకుడిగా నిలవడంలోని వైరుధ్యం, ధనం చరిత్రతో పాటు శ్రమ గౌరవ చరిత్రకూ సంబంధించినది.

గ్రోవ్స్ సిద్ధాంతానికి అసలు పరీక్ష చిత్తూరులో ఎదురైంది. బోధకులు ఎవరి చందాల మీదా ఆధారపడకుండా తమ శ్రమతో బతకాలన్న ఆశయంతో ఆయన అక్కడ వ్యవసాయ క్షేత్రం, పట్టుపురుగుల పెంపకం చేపట్టాడు. అందుకు పెట్టుబడి కావలసివచ్చింది, పెట్టుబడికి అప్పు కావలసివచ్చింది. ఆ పని నష్టపోయింది. కూడబెట్టరాదని బోధించినవాడు ఏళ్ల తరబడి అప్పుల భారం మోశాడు. ఆయన 1853లో బ్రిస్టల్‌లో మరణించాడు. ఈ కథలో వ్యంగ్యం వెతకడం తేలిక, కాని దాని చారిత్రక పాఠం వేరు. సంపదను త్యజించే సిద్ధాంతం సంపద ఉన్నవాడి కోసం పుట్టింది. దాచుకోవడానికి ఏమీ లేనివాడికి కూడబెట్టవద్దన్న ఆజ్ఞ ఏం చెబుతుంది? పల్లెల్లోని మాల మాదిగ పేటల్లో క్రైస్తవం విస్తరించినప్పుడు ముందుకు వచ్చిన ప్రశ్న ఇదే.

జీతమా, స్వయంపోషణా: కృష్ణా మండలంలో చర్చి మిషనరీ సొసైటీ

చర్చి మిషనరీ సొసైటీ తెలుగు పని 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్, రాబర్ట్ నోబుల్‌ల రాకతో మచిలీపట్నంలో మొదలైంది. 1854లో ఏలూరు, 1858లో బెజవాడ కేంద్రాలయ్యాయి. నోబుల్ పాఠశాల అగ్రవర్ణ యువకులను ఉద్దేశించినది. పల్లెల్లో కదలిక మాత్రం మరోవైపు నుంచి వచ్చింది. రాఘవాపురానికి చెందిన మాల కులస్థుడు పగోలు వెంకయ్య 1859లో బెజవాడలోని డార్లింగ్ దొర వద్ద బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత ఆయన చుట్టూ, ఆయన బంధువర్గం చుట్టూ విశ్వాసం వ్యాపించింది.

అదే కాలంలో ఈ సంస్థ కార్యదర్శి హెన్రీ వెన్ లండను నుంచి ఒక సూత్రాన్ని రూపొందిస్తున్నాడు. స్థానిక సంఘం తన్ను తాను పోషించుకోవాలి, తన్ను తాను పాలించుకోవాలి, తన్ను తాను వ్యాపింపజేసుకోవాలి. ఈ మూడింటిలో ధనానికి సంబంధించినది మొదటిదే, కాని మిగిలిన రెండూ దాని మీదే ఆధారపడ్డాయి. పల్లెలోని ఉపదేశికి జీతం విదేశం నుంచి వస్తే అతడి జవాబుదారీ కూడా విదేశానికే. సంఘం పోషిస్తే సంఘానికి.

అయితే ఆ సంఘం ఎవరు? కళ్లంలో మేర రూపంలో గింజలు పొందే సేవకులు, ఏడాది జీతానికి కుదిరిన పాలేర్లు, నాగుకు గింజలు తెచ్చుకుని పంట నూర్చగానే వడ్డీతో సహా గింజలే కొలిచి ఇచ్చేవారు. నాణెం వారి చేతికి వచ్చేది అరుదు. వారి నుంచి నెలవారీ నగదు చందా ఆశించే పద్ధతి వారి ఆర్థిక జీవనంతో పొసగదు. స్వయంపోషణ సూత్రం లండనులో తర్కబద్ధంగా కనిపించినా, పేటలో అది నిలవాలంటే నాణేన్ని వదిలి గింజను పట్టుకోవలసివచ్చింది.

కరువు, కాలువ, కూలి: 1876–78

పుచ్చుకున్న బియ్యం గురించిన వాదానికి కేంద్రం 1876–78 నాటి మహాకరువు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకున్నాడు. ఉచితంగా గంజి పోయడానికి బదులు పని కల్పించి కూలి ఇచ్చే ఏర్పాటు అది. అక్కడ వేలాదిమంది పనిచేశారు, క్రైస్తవ ఉపదేశులు మేస్త్రీలుగా నిలిచి సాయంకాలం వారితో మాట్లాడారు.

కరువు సహాయం నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశాడన్నది ఇక్కడ ముఖ్యం. బియ్యానికి, బాప్తిస్మానికి మధ్య లంకె ఏర్పడుతుందన్న భయమే అందుకు కారణం. సహాయం ముగిసిన తరువాత, 1878 జులై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను విమర్శకులు కరువు ఫలంగా చూశారు, మిషను చరిత్రకారులు ఆత్మకార్యంగా చూశారు. రెండు పక్షాలూ ఒక విషయాన్ని తక్కువగా చూశాయి. అది ఆ మనుషులు బాప్తిస్మం వల్ల కోల్పోయినది.

ఒంగోలు ప్రాంతపు మాదిగ విశ్వాసులు మూడు నియమాలను స్వీకరించారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహారాధన చేయకూడదు. ఇవి చూడడానికి మతనియమాలు, కాని మూడింటికీ ఆర్థిక ముఖం ఉంది. ఆదివారం పని మానడం అంటే ఏడు రోజుల శ్రమ మీద రైతుకున్న హక్కును ప్రశ్నించడం. చచ్చిన గొడ్డును తినడం మానడం అంటే చచ్చిన గొడ్డు, తోలు, చెప్పులు, మోట, కళ్లంలో మేర అన్న గొలుసులో ఒక లంకెను తెంపడం. గ్రామదేవత జాతరలో డప్పు మానడం అంటే ఆ సేవకు దక్కే ప్రతిఫలాన్ని వదులుకోవడం. ఊరు ఊరుకోలేదు. పనులు ఆపారు, బావులు మూశారు, మేర ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారన్న లెక్కలో ఈ ఖర్చు కనిపించదు. విశ్వాసి ఇచ్చిన మొదటి కానుక నాణెమూ కాదు, గింజా కాదు. వారానికి ఒక దినపు శ్రమ, దానికి ఊరు విధించిన మూల్యం.

డోర్నకల్: నాలుగు దయ్యాలు, ఒక పిడికిలి

ఈ చరిత్రను ఒక బోధగా, ఒక వ్యవస్థగా మలచినవాడు వేదనాయగం సామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళైలో పుట్టిన అజరయ్య తమిళుడు. 1903లో స్థాపితమైన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ భారతీయుల మనుషులతో, భారతీయుల ధనంతో, భారతీయుల నిర్వహణతో పనిచేయాలన్న సంకల్పంతో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను ఎంచుకుంది. అంటే డోర్నకల్ పని మొదలైందే తమిళ గ్రామాల క్రైస్తవుల కానుకలతో. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. 1920ల ఆరంభానికి కృష్ణా మండలపు సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలంలోకి వచ్చాయి. బ్రిటిషు రూపాయి చెలామణి అయ్యే కృష్ణా జిల్లా, హాలీ సిక్కా చెలామణి అయ్యే నిజాం ఇలాకా ఒకే అధ్యక్ష మండలంలో చేరాయి. విస్సన్నపేట వంటి సరిహద్దు మెట్ట పల్లెలు ఈ రెండింటి సంధిలో ఉన్నాయి. నాణేలు రెండు, గింజ ఒకటే.

తన మండలాన్ని పీడించే దయ్యాలు నాలుగని అజరయ్య చెప్పేవాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ జాబితాలో పేదరికం లేదు, అప్పు ఉంది. పేదరికం ఒక స్థితి, అప్పు ఒక సంబంధం. పేదవాడికి సాయం చేయవచ్చు, అప్పులో ఉన్నవాడిని విడిపించాలి. అందువల్ల అధ్యక్ష మండలం పాఠశాలలు, వైద్యశాలలతో పాటు సహకార సంఘాలను కూడా ప్రోత్సహించింది. 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం ఈ పనికి న్యాయరూపం ఇచ్చింది. అజరయ్య జీవితాన్ని విస్తృతంగా పరిశోధించిన సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ చెప్పినదాని ప్రకారం 1930ల మధ్యనాటికి ఆ మండలంలో సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. ఇంత పెద్ద వ్యవస్థను విదేశీ నిధులు మాత్రమే శాశ్వతంగా మోయలేవు. 1929 తరువాత ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధరలు కూలినప్పుడు ఈ సంగతి మరింత స్పష్టమైంది.

ఈ నేపథ్యంలో అజరయ్య క్రైస్తవ దానం మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన మరణానంతరం 1950ల్లో 'వరల్డ్ క్రిస్టియన్ బుక్స్' వరుసలో అది మళ్లీ వెలువడి ఇతర దేశాల సంఘాలకూ చేరింది. పాత నిబంధనలోని దశమభాగం, ప్రథమఫలాలు, కొత్త నిబంధనలోని వారంవారం ఇచ్చే కానుక, కడుపేదలైన మాసిదోనియ సంఘాల ఔదార్యం, వీటన్నిటినీ ఆయన పల్లె సంఘానికి పాఠాలుగా చెప్పాడు. దానం సంఘానికి డబ్బు సేకరించే ఉపాయం కాదు, అది ఆరాధనలో భాగమన్నది ఆయన ప్రధాన సూత్రం. కాబట్టి పేదవాడిని దానం నుంచి మినహాయించడం అతడి మీద దయ చూపడం కాదు, అతడిని ఆరాధన నుంచి మినహాయించడమే.

పిడికెడు బియ్యం పద్ధతి ఈ సూత్రానికి పల్లె రూపం. ఇంటి ఇల్లాలు వంటకు గింజలు కొలిచాక, కుండలో పోసే ముందు పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. ఆదివారం ఆ ముంత గుడికి చేరుతుంది. దక్షిణ భారత సంఘాల్లో విస్తరించిన ఈ ఆచారానికి సమాంతరం ఈశాన్యంలోనూ ఉంది. మిజోరంలో 1910లో మొదలైన 'బుహ్‌ఫాయ్ థమ్' ఇటువంటిదే, నేటికీ కొనసాగుతోంది.

ఈ పిడికిలిని లెక్కలో పెట్టి చూడవచ్చు. పిడికెడు సుమారు 50 గ్రాములనీ, ఇల్లు రోజుకు ఒక్కసారి వండుతుందనీ అనుకుంటే ఏడాదికి 18 కిలోలు. ఐదుగురున్న ఇంట్లో పూటకు రెండు కిలోల గింజ వండితే, పిడికెడు అందులో నలభయ్యో వంతు. అంటే ఇది దశమభాగం కాదు, దానికి నాలుగో వంతు మాత్రమే. అయితే అసలు తేడా పరిమాణంలో లేదు, పద్ధతిలో ఉంది. పిడికెడు కుండను బట్టి ఉంటుంది. పొయ్యి వెలిగిన రోజునే అది తీస్తారు, పస్తున్న రోజున సంఘం ఏమీ అడగదు. మెట్ట పల్లెలో బియ్యం లేని నెలల్లో జొన్నలే పిడికెడు అవుతాయి. దీన్ని నాగుతో పోల్చి చూడాలి. నాగు గింజలు తెచ్చుకున్న ఇంటికి వాన పడ్డా పడకున్నా, పొయ్యి వెలిగినా వెలగకున్నా బాకీ పెరుగుతూనే ఉంటుంది. ఒకే ఇంట్లో, ఒకే గింజతో, రెండు లెక్కలు నడిచాయి. ఒకటి లేమిని గుర్తించదు. రెండోది కలిమిని మాత్రమే గుర్తిస్తుంది.

తెలుగు సంప్రదాయంలోని ముడుపుతో కూడా దీనికి పోలికా ఉంది, తేడా ఉంది. ముడుపూ ఇంటిలోనే, ఒక గుడ్డలోనో కుండలోనో దాచి ఉంచే ధనమే. కాని అది మొక్కుకు కట్టుబడినది, కోరిక తీరినందుకు చెల్లించేది. పిడికెడులో షరతు లేదు. ఏ కోరికా చెప్పకుండా ప్రతిరోజూ తీసేది కాబట్టి అది దేవుడితో చేసుకున్న ఒప్పందం కాదు. పైగా ముడుపు ఇంటి పెద్ద పేరిట నిలిస్తే, పిడికెడు తీసే చేయి స్త్రీది. నాణెం మీద అధికారం లేని ఆమెకు గింజ మీద అధికారం ఉంది. సంఘ ఆర్థిక వ్యవస్థలో స్త్రీకి దక్కిన మొదటి స్థానం వంటింటి నుంచే వచ్చిందని చెప్పడం అతిశయోక్తి కాదు. అయితే ముంత గుడికి చేరాక ఆ గింజల మీద నిర్ణయం చాలాకాలం పురుషులదే అయిందన్నది కూడా మరచిపోకూడదు.

దీనికి తోడు కోతకాలపు పండుగ. కొత్త ధాన్యం, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన తరువాత వేలంపాట పాడతారు. ఎవరో తెచ్చిన గుమ్మడికాయను వేరెవరో విలువకు మించిన ధరకు పాడుకుంటారు. బజారులో ఇది నష్టం. గుడిలో అది ఒకే వస్తువును రెండుసార్లు దానం చేయడం. ఇచ్చినవాడి శ్రమకు ఊరంతా వినేలా ధర పలకడం. కూలి బేరంలో ఎప్పుడూ తక్కువకే పలికిన చేతులకు ఆ ధర డబ్బును మించినది.

గాంధీతో వివాదం: కొన్న విశ్వాసమా?

1930ల మధ్యలో, అంబేద్కర్ హిందూమతాన్ని వీడతానని ప్రకటించిన తరువాత, దళితుల మతాంతరీకరణ దేశవ్యాప్త చర్చగా మారింది. మిషనుల వైద్యం, విద్య, ధనసహాయం పేదలను ఆకర్షించే ప్రలోభాలని గాంధీ విమర్శించాడు. డోర్నకల్ మండలపు సామూహిక ఉద్యమాలు ఆ చర్చకు మధ్యలో నిలిచాయి.

ఈ వివాదంలో దానం చరిత్రకు సాక్ష్యపు విలువ ఉంది. ప్రలోభంతో కొన్న విశ్వాసమే అయితే ధనం ఒకవైపే ప్రవహించాలి. పల్లె సంఘాల్లో అది రెండు వైపులా ప్రవహించింది. అయితే ఈ వాదాన్ని దాటించి చెప్పకూడదు. పిడికెడు బియ్యం విదేశీ నిధులకు సమానం కాలేదు. పాఠశాలలు, ఆసుపత్రులు చాలావరకు బయటి డబ్బుతోనే నడిచాయి. పేదవాడి ప్రేరణల్లో అన్నం, చదువు, గౌరవం, దేవుడు అన్నవాటిని విడదీసి తూచే త్రాసు ఏ చరిత్రకారుడి దగ్గరా లేదు. చెప్పగలిగినది ఇంత మాత్రమే: విశ్వాసిని కేవలం పుచ్చుకునేవాడిగా చూపే చిత్రం అసంపూర్ణం. ఆ చిత్రాన్ని గాంధీ వంటి విమర్శకులే కాదు, తమ చందాదారుల జాలి కోసం మిషను నివేదికలు కూడా గీశాయి.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథీడ్రల్ ఇదే వాదానికి రాతి రూపం. ద్రావిడ, ఇస్లామీయ, క్రైస్తవ నిర్మాణ రీతులు కలిసిన ఆ కట్టడం ఏళ్ల తరబడి సాగింది. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో మరణించాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడింది.

అడగని విశ్వాసం, ఆశించే విశ్వాసం

స్వాతంత్ర్యానంతరం గ్రోవ్స్ ధార మరో రూపంలో తిరిగివచ్చింది. పంజాబుకు చెందిన బక్త్ సింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రాన్ని నెలకొల్పాడు. సేవకులకు నిర్ణీత జీతం లేదు. అవసరాలను మనుషులకు చెప్పకుండా దేవుడికి మాత్రమే చెప్పాలన్నది నియమం. పరిశుద్ధ సమావేశాలకు వచ్చిన వేలమందికి భోజనం ఉచితం. ఈ పద్ధతి తెలుగు జిల్లాల్లో విస్తారంగా వ్యాపించింది. విదేశీ మిషను మీద ఆధారపడకుండా స్వయంపోషకంగా నిలిచిన స్వదేశీ సంఘంగా దీనికి చరిత్రలో స్థానం ఉంది. వెన్ సూత్రం కోరినది వెన్ ఊహించని మార్గంలో నెరవేరింది.

ఇటీవలి దశాబ్దాల్లో దీనికి పూర్తిగా భిన్నమైన బోధ పల్లెలకు చేరింది. కానుకను విత్తనంగా, ఆశీర్వాదాన్ని దాని పంటగా చెప్పే బోధ ఇది. ఎంత విత్తితే అంతకు ఎన్నో రెట్లు దేవుడు తిరిగి ఇస్తాడన్న వాగ్దానం అందులో ప్రధానం. విత్తనం, పంట బైబిలు పోలికలే, రైతు సమాజానికి అవి సహజంగా అందుతాయి. అయితే ఈ బోధ నిర్మాణాన్ని గమనిస్తే, అది పిడికెడుకు కాదు, నాగుకు దగ్గర. ఇచ్చినదానికి వడ్డీతో తిరిగి రావలసినది ఉంటుంది. తేడా ఒక్కటే: ఇక్కడ బాకీదారు దేవుడు. పంట రానప్పుడు మాత్రం లోపం విశ్వాసి మీదే పడుతుంది. నీ విశ్వాసం చాలలేదు, నీ విత్తనం చాలలేదు అన్న జవాబు వస్తుంది. అప్పు చేసి కానుక ఇవ్వడం ఈ తర్కానికి చివరి మెట్టు. నాలుగు దయ్యాల్లో ఒకటిగా వెళ్లగొట్టిన అప్పు కానుకల పెట్టె దారినే మళ్లీ లోపలికి వస్తుంది.

దీనితో పాటు రెండు పరిమితులను కూడా గుర్తించాలి. ఒకటి, సంఘాల ఉమ్మడి ఆస్తులకు సంబంధించినది. మిషనుల నుంచి సంక్రమించిన స్థలాలు, భవనాలు పట్టణాల విస్తరణతో విలువైనవయ్యాయి. గృహనిర్వాహకత్వ బోధ విశ్వాసి ముంతకు వర్తించినంత కచ్చితంగా సంఘ ఆస్తుల లెక్కలకు వర్తించాలన్న డిమాండు సంఘంలోపలే వినిపిస్తోంది. రెండవది, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా క్రైస్తవులకు వర్తించదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారు వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో ఒక శాతం రిజర్వేషన్‌కు మాత్రమే అర్హులు. ఒంగోలు మాదిగలు ఆదివారానికి మూల్యం చెల్లించినట్టే, నేటి విశ్వాసి రికార్డులో తన విశ్వాసం పేరు రాయడానికి మూల్యం చెల్లిస్తున్నాడు. పుచ్చుకున్నవాడన్న నింద, కోల్పోతున్నవాడన్న వాస్తవం నేటికీ పక్కపక్కనే ఉన్నాయి.

ముగింపు

పైన చూసిన నాలుగు ధన దృక్పథాలను కాలంతో వాటికున్న సంబంధాన్ని బట్టి వర్గీకరించవచ్చు. గ్రోవ్స్‌కు రేపటి కోసం దాచడమే తప్పు. బక్త్ సింగ్‌కు రేపటి అవసరం దేవుడికే తెలియాలి. విత్తన కానుక రేపటి లాభం మీద నేడు పెట్టే పెట్టుబడి. పిడికెడు బియ్యం, ప్రథమఫలం మాత్రం రేపటి గురించి ఏమీ చెప్పవు. చేతికి వచ్చాక, వచ్చినదానిలోంచి, వచ్చినందుకు ఇచ్చేవి అవి.

మామిడి సీమలో ఈ తేడా తేలికగా అర్థమవుతుంది. పూత మీద మాట్లాడే గుత్త ఒక పందెం. గాలివాన వచ్చినా, పురుగు పట్టినా, ధర పడినా ఎవరో ఒకరు మునుగుతారు. కోసిన తొలి బుట్టలోంచి తీసిన పండ్లు గుడికి వెళ్లడం పందెం కాదు, ఎందుకంటే పంట అప్పటికే చేతిలో ఉంది. తెలుగు క్రైస్తవ పేదలు రెండో లెక్కను ఎంచుకోవడం సిద్ధాంత గ్రంథాల వల్ల మాత్రమే జరగలేదు. మొదటి లెక్కలో తరతరాలుగా ఓడిపోయిన అనుభవం వారిది. అప్పు లేని సంబంధం ఒకటి ఉండగలదని వారికి ప్రతి పూటా గుర్తు చేసినది ఆ ముంత.

పరిశోధకులు ఇకమీద దృష్టి పెట్టవలసినది కూడా ఆ ముంత వైపే. మిషను నివేదికలు దాతల పేర్లను, విదేశీ నిధుల మొత్తాలను భద్రపరిచాయి. పల్లె గుడుల కానుకల పుస్తకాలు, వేలంపాట లెక్కలు, స్త్రీల సమాజాల చేతిరాత పద్దులు చెదపురుగుల పాలవుతున్నాయి. పుచ్చుకున్నవారి జాబితాలు దొరికినంత తేలికగా ఇచ్చినవారి జాబితాలు దొరకకపోతే, చరిత్ర వారిని పుచ్చుకున్నవారిగానే గుర్తుంచుకుంటుంది. కృష్ణా మెట్ట పల్లెల్లో కొలతలు ఎరిగిన వృద్ధ స్త్రీలు ఇంకా ఉన్నారు. ఎంత తీసేవారో, ఏ నెలల్లో తీయలేకపోయేవారో వారు చెప్పగలరు. ఆ మాటలను రాసుకోవలసిన సమయం ఇదే.